పిర్లో వెనక్కి జరిగిన ముప్ఫై మీటర్లు

ఇటలీ భాషలో రెజిస్టా అంటే సినిమా దర్శకుడు. ఫుట్‌బాల్‌లో డిఫెన్స్ వరుసకు కాస్త ముందు నిలబడి, బంతి ఎటు పోవాలో, ఎంత వేగంతో పోవాలో తేల్చే మిడ్‌ఫీల్డర్‌నీ అక్కడివాళ్ళు అదే మాటతో పిలుస్తారు. తెర మీద కనిపించే హీరో ఒకరు, కథ నడిపించే మనిషి ఇంకొకరు అన్న తేడా తెలుగువాళ్ళకు విడమరచి చెప్పనక్కర్లేదు. ఆంద్రేయా పిర్లో అనగానే గుర్తొచ్చేది ఈ దర్శకుడి పాత్రే. కానీ అతను మొదటినుంచీ ఆ పాత్రకు తయారైన ఆటగాడు కాదు. 21 ఏళ్ళు దాటేదాకా అతన్ని అందరూ హీరో వేషానికే, అంటే స్ట్రైకర్ల వెనక ఆడే 10వ నంబరు పాత్రకే లెక్కగట్టారు. అందులో అతను నిలదొక్కుకోలేకపోయాడు. ఆ తర్వాత ముప్ఫై మీటర్లు వెనక్కి జరిగాడు. మిగతా కెరీర్ అంతా ఆ జరగడం మీదే నిలిచింది.

పిర్లో 1979 మే 19న బ్రెషా పక్కనున్న ఫ్లేరోలో పుట్టాడు. బ్రెషా క్లబ్ కుర్రాళ్ళ జట్లలో ఎదిగి, 1995 మే 21న, పదహారేళ్ళు నిండిన రెండో రోజున, రెజ్జానా మీద ఇటలీ మొదటి డివిజన్ సెరీ ఆ మ్యాచ్ ఆడేశాడు. 1998లో ఇంటర్ మిలాన్ కొనుక్కుంది. ఆ క్లబ్బుకు అది కలిసిరాని కాలం. 1998-99 ఒక్క సీజన్‌లోనే సిమోని, లుచెస్కు, కాస్టెల్లీని, హాడ్జ్‌సన్ అని నలుగురు కోచ్‌లు మారారు. జట్టు ఎనిమిదో స్థానంలో ఆగింది. కొత్తగా వచ్చిన పంతొమ్మిదేళ్ళ కుర్రాడికి రెండు నెలలకో పద్ధతి మారితే ఏం తలకెక్కుతుంది? పైగా అతని స్థానంలో ఆడగలవాళ్ళు అప్పటికే బారులు తీరి ఉన్నారు: బాజ్జో, జోర్కేఫ్, రెకోబా.

మరుసటి ఏడు మార్చెల్లో లిప్పీ కోచ్‌గా వచ్చాడు, పిర్లోను రెజ్జీనాకు అప్పుగా పంపేశారు. అక్కడ 28 లీగ్ మ్యాచ్‌ల్లో 6 గోల్స్ కొట్టాడు. 2000 వేసవిలో ఇటలీ అండర్-21 జట్టుతో యూరోపియన్ చాంపియన్‌షిప్ గెలిచాడు. ఆ టోర్నీలో ఉత్తమ ఆటగాడూ అతనే. ఆ జట్టు కోచ్ మార్కో టార్డెల్లి. విచిత్రమేమిటంటే కొన్ని నెలలకే అదే టార్డెల్లి ఇంటర్ కోచ్ అయ్యాడు, అయినా పిర్లోకు చోటు దక్కలేదు. ఇంటర్ తరఫున లీగ్‌లో ఆడింది మొత్తం 22 మ్యాచ్‌లు, కొట్టిన గోల్స్ సున్నా.

ముందు ఆడినప్పుడు తేలిపోయిందెందుకు

దీన్ని కోచ్‌ల గుడ్డితనమని కొట్టిపారేయడం తేలికే. కానీ స్థానం గురించి కాస్త ఆలోచిస్తే వాళ్ళ వైపూ న్యాయం కనిపిస్తుంది. 10వ నంబరు ఆటగాణ్ణి ఇటలీలో ట్రెక్వార్టిస్టా అంటారు. మైదానాన్ని నాలుగు వంతులు చేస్తే మూడు వంతులు దాటే చోట ఆడేవాడని అర్థం. అక్కడ బంతి చాలావరకు వీపు గోల్ వైపు ఉండగా అందుతుంది. వెనకాల ఒక సెంటర్ డిఫెండర్, పక్కన ఒక డిఫెన్సివ్ మిడ్‌ఫీల్డర్ కాచుకుని ఉంటారు. బంతి అందాక తిరగడానికి దొరికేది సెకను కూడా ఉండదు. అంతలోనే మెలిక తిరిగి తప్పించుకోవాలంటే మొదటి రెండు మూడడుగుల్లో మెరుపు వేగం కావాలి, లేదా భుజంతో నెట్టి నిలబడే బలం కావాలి. 1.77 మీటర్ల పిర్లోకు ఈ రెండూ అంతంతమాత్రమే.

అతనికున్నది వేరే సరుకు. రెండు పాదాలతో బంతిని చప్పున చంపగల మొదటి స్పర్శ. బంతి తన దగ్గరికి రాకముందే నలుగురైదుగురి స్థానాలు తలలో గుర్తుపెట్టుకోగల చూపు. నలభై మీటర్ల పాస్‌ను కోరుకున్న చోట దించగల కొలత. ఇవన్నీ పనిచేయాలంటే ముఖం గోల్ వైపు ఉండాలి, ముందు పొడవాటి మైదానం పరుచుకుని ఉండాలి. 10వ నంబరు చోట అతని ముందు మిగిలేది ముప్ఫై మీటర్లే, అదీ ప్రత్యర్థులతో కిక్కిరిసిన ముప్ఫై మీటర్లు. నలభై మీటర్ల పాస్ వేయగలవాడికి అక్కడ వేయడానికి చోటేదీ?

2001 జనవరిలో మళ్ళీ సొంత ఊరు బ్రెషాకే అప్పుగా వచ్చాడు. అక్కడ 10వ నంబరు స్థానంలో సాక్షాత్తూ రొబెర్టో బాజ్జో ఉన్నాడు. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు. కోచ్ కార్లో మజ్జోనే కుర్రాణ్ణి బెంచ్ మీద కూర్చోబెట్టకుండా డిఫెన్స్ ముందుకు దించాడు. గొప్ప సిద్ధాంతమేదో ముందే రాసిపెట్టుకుని చేసిన మార్పు కాదిది, ఇద్దరు మంచి ఆటగాళ్ళను ఒకే పదకొండు మందిలో ఇరికించడానికి దొరికిన ఉపాయం. ఫలితం చూడాలంటే ఆ ఏడాది ఏప్రిల్ 1న టూరిన్‌లో యువెంటస్‌తో ఆడిన మ్యాచ్ చాలు. బ్రెషా 0-1తో వెనకబడి ఉంది, మ్యాచ్ ముగింపుకొస్తోంది. పిర్లో లోతునుంచి గాల్లోకి ఒక పొడవాటి బంతి లేపాడు. డిఫెన్స్ తలల మీదుగా దాటి అది బాజ్జో పరుగు దారిలో దిగింది. బాజ్జో ఆ బంతిని నేల తాకనివ్వకుండా పాదంతో అందుకుని, అదే స్పర్శలో గోల్‌కీపర్ వాన్ డెర్ సార్ పక్కనుంచి తప్పించి, ఖాళీ గోల్‌లోకి నెట్టాడు. ఆ గోల్ వీడియోలన్నీ బాజ్జో స్పర్శ దగ్గరే ఆగి మురిసిపోతాయి, మురిసిపోవాల్సిందే. అయితే పాస్ మొదలైన చోటు చూడండి. ఆరు నెలల ముందైతే పిర్లో ఆ చోట ఉండేవాడే కాదు.

2001 వేసవిలో ఇంటర్ అతన్ని పొరుగునే ఉన్న ఏసీ మిలాన్‌కు 3,500 కోట్ల లీరాలకు అమ్మేసింది, ఇప్పటి లెక్కలో దాదాపు 1.8 కోట్ల యూరోలు. మరుసటి ఏడు సేడోర్ఫ్‌నూ అదే పొరుగింటికి పంపింది. ఒకే స్టేడియం పంచుకునే ప్రత్యర్థికి పదేళ్ళపాటు ఆడే మిడ్‌ఫీల్డ్‌లో సగం చేతికందించిన క్లబ్ ఇంకోటి ఉండదేమో.

ఆంచెలోట్టి లెక్క

మిలాన్‌లోనూ మొదటి ఏడు పెద్దగా కలిసిరాలేదు. కోచ్ ఫాతిహ్ తెరీమ్ నవంబర్‌లోనే వెళ్ళిపోయాడు, కార్లో ఆంచెలోట్టి వచ్చాడు. 2002 వేసవిలో రెండు సంగతులు కలిసొచ్చాయి. ఏళ్ళ తరబడి డిఫెన్స్ ముందు ఆడిన అల్బెర్టీని అట్లెటికో మాడ్రిడ్‌కు వెళ్ళాడు. అటు ముందువైపు రూయీ కోస్టా ఉండగానే రివాల్డో, సేడోర్ఫ్ దిగారు. ముందేమో రద్దీ, వెనకేమో ఖాళీ. మజ్జోనే చేసిన పనే ఆంచెలోట్టి చేశాడు, కాకపోతే దాని చుట్టూ ఒక కట్టడం కట్టాడు.

ఆ కట్టడం అర్థమైతేనే పిర్లో అర్థమవుతాడు. డిఫెన్స్ ముందు ఒంటరిగా నిలబడే మనిషి బంతి పోగొట్టుకుంటే వెనక ఇద్దరు సెంటర్ డిఫెండర్లు తప్ప ఎవరూ ఉండరు. అందుకే ఆ రోజుల్లో అక్కడ పోరాడి బంతి గుంజుకునేవాణ్ణే పెట్టేవారు. పిర్లో గుంజుకునేవాడు కాదు. ఆ లోటు తీర్చడానికి కుడివైపు గట్టూసో, ఎడమవైపు సేడోర్ఫ్ లేదా అంబ్రోజీని నిలిచారు. గట్టూసో పని రెండు ముక్కల్లో చెప్పొచ్చు: బంతి పోతే పరుగెత్తి తెచ్చుకోవడం, తెచ్చాక మూడు మీటర్ల దూరంలో ఉన్న పిర్లోకు ఇచ్చేయడం. వెనక నెస్టా, మాల్దీని లాంటివాళ్ళుంటే మధ్యలో ఒక పలచని మనిషిని భరించవచ్చు. ముందు ఇద్దరు ప్లేమేకర్లు, ఒకే స్ట్రైకర్. ఈ 4-3-2-1 అమరికను, కిందనుంచి పైకి సన్నబడే ఆకారాన్ని బట్టి, ఇటలీలో క్రిస్మస్ చెట్టు అనేవారు. కొన్ని మ్యాచ్‌ల్లో ఇద్దరు స్ట్రైకర్లతో 4-3-1-2గా మారేది. చెట్టు ఆకారం ఎటు మారినా కాండం మొదట్లో పిర్లోనే.

ఇక ఆ చోట అతను చేసే పని. సెంటర్ డిఫెండర్ దగ్గర బంతి ఉండగానే పిర్లో తల ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు తిరుగుతుంది. బంతి తనవైపు కదిలాక మళ్ళీ ఒకసారి. అంటే బంతి అందేసరికి ఎక్కడికి పంపాలో తేలిపోయి ఉంటుంది. అందుకునేటప్పుడు ఒళ్ళు నేరుగా బంతికి ఎదురుగా పెట్టడు, సగం పక్కకు తిప్పి నిలబడతాడు. బంతి దగ్గరి కాలిని దాటి, దూరపు కాలి లోపలి వైపుకు చేరుతుంది. దాంతో అదే స్పర్శలో ముఖం ముందుకు తిరుగుతుంది. కొత్తగా ఈ స్థానంలో ఆడే కుర్రాళ్ళు తప్పు చేసేది ఇక్కడే. బంతి వైపు నేరుగా తిరిగి దగ్గరి కాలితో ఆపుతారు, అప్పుడు వెనక్కి ఇవ్వడం తప్ప దారుండదు, మీదికొచ్చే స్ట్రైకర్‌కు రెండడుగులు అదనంగా దొరుకుతాయి.

ఎవరైనా మీదికొస్తే పిర్లో వేగంతో తప్పించుకోడు. భుజం ఒకవైపు వాల్చి, బంతిని ఒక మీటరు పక్కకు జరిపి, వచ్చినవాణ్ణి వాడి ఊపులోనే పోనిస్తాడు. ఆ ఒక్క మీటరూ అతనికి చాలు. పొడవాటి పాస్ అయితే బంతి అడుగున కోసి, వెనక్కి తిరిగేలా కొడతాడు. అలా తిరిగే బంతి డిఫెన్స్ వెనక పడ్డాక ముందుకు జారిపోదు, దాదాపు పడ్డచోటే మెత్తబడుతుంది. పరుగెత్తి వస్తున్న స్ట్రైకర్‌కు అందుతుంది, గోల్‌కీపర్ ముందుకొచ్చి పట్టుకోవడానికి అందదు. అదే పాస్ తిరగకుండా బల్లపరుపుగా వేస్తే నేలమీద ఒక గెంతు గెంతి గీత దాటిపోతుంది. చూడ్డానికి రెండూ పొడవాటి పాస్‌లే, ఒకటి గోల్ అవకాశం, ఇంకోటి అవతలి జట్టుకు గోల్‌కిక్.

ఈ ఏర్పాటుతో మిలాన్ 2003 మే 28న మాంచెస్టర్‌లో యువెంటస్‌ను పెనాల్టీల మీద ఓడించి చాంపియన్స్ లీగ్ గెలిచింది, 2004లో ఇటలీ లీగ్ గెలిచింది. 2005 ఇస్తాంబుల్ ఫైనల్‌లో తొలి నిమిషంలోనే పిర్లో ఫ్రీకిక్‌కు మాల్దీని గోల్ కొట్టాడు, విరామానికి మిలాన్ 3-0తో ముందుంది. లివర్‌పూల్ ఆ మూడూ తిరిగి కొట్టింది. షూటౌట్‌లో పిర్లో కొట్టిన పెనాల్టీని డూడెక్ ఆపాడు. రెండేళ్ళకు ఏథెన్స్‌లో అవే రెండు జట్లు తలపడ్డాయి. విరామానికి ముందు పిర్లో కొట్టిన ఫ్రీకిక్ ఇన్జాగికి తగిలి దారి మార్చుకుని లోపలికెళ్ళింది, మిలాన్ 2-1తో గెలిచింది. మిలాన్ తరఫున అతని మొత్తం 401 మ్యాచ్‌లు, 41 గోల్స్.

2006 జర్మనీ

ఆ ప్రపంచకప్‌లో ఇటలీ కోచ్ ఎవరో కాదు, ఇంటర్‌లో ఉండగా పిర్లోను రెజ్జీనాకు అప్పు పంపిన లిప్పీయే. ఇప్పుడు జట్టు ఆట మొత్తం అతని మీదుగానే నడిచింది. హానోవర్‌లో ఘనా మీద మొదటి గోల్ పిర్లోది. ఫైనల్లో ఏడో నిమిషంలో జిదాన్ పెనాల్టీతో ఫ్రాన్స్ ముందుకెళ్తే, పంతొమ్మిదో నిమిషంలో పిర్లో కార్నర్‌కు మతెరాజ్జి తలతో సమం చేశాడు. అతని మరో కార్నర్‌కు లూకా టోని కొట్టిన హెడర్ క్రాస్‌బార్‌ను తాకింది. షూటౌట్‌లో ఇటలీ మొదటి కిక్ కూడా అతనిదే, అది గోలే. ఫైనల్లో మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్ అవార్డు, టోర్నీలో జిదాన్, కన్నవారోల తర్వాత మూడో ఉత్తమ ఆటగాడిగా కాంస్య బంతి.

అయినా ఆ టోర్నీలో అతన్ని పట్టిచ్చే క్షణం డార్ట్‌మండ్‌లో జర్మనీతో ఆడిన సెమీఫైనల్‌లో ఉంది. మన గడియారంలో అర్ధరాత్రి పన్నెండున్నరకు మొదలై మూడింటి దాకా సాగిన మ్యాచ్ అది, మేలుకుని చూసినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. ఎక్స్‌ట్రా టైమ్, 119వ నిమిషం, 0-0. కార్నర్ నుంచి చెదిరిన బంతి పెనాల్టీ ఏరియా అంచున పిర్లోకు దొరికింది. రెండు గంటలు ఆడిన కాళ్ళతో ఎవరైనా అక్కడినుంచి గోల్ వైపు బాదేస్తారు. అతను బాదలేదు. బంతిని పక్కకు, కుడివైపుకు నడిపించాడు. అడుగు అడుగుకూ ఒక్కో జర్మన్ డిఫెండర్ షాట్ అడ్డుకోవాలని అతని వైపు లాగబడ్డాడు. అందరూ తనవైపు చూస్తుండగా, తను మాత్రం ఎటో చూస్తూ, వాళ్ళ మధ్య సందులోంచి కుడివైపు ఉన్న గ్రోసోకు బంతి తోశాడు. గ్రోసో ఎడమకాలితో వంచి కొట్టాడు, గోల్‌కీపర్ లేమన్‌కు అందలేదు.

ఈ ఒక్క పాస్‌లో సాంకేతికంగా అబ్బురమేమీ లేదు, దూరం కూడా తక్కువే. అందులో ఉన్నదంతా ఆలస్యమే. ఒక సెకను ముందు ఇచ్చి ఉంటే గ్రోసో ముందు ఒక డిఫెండర్ ఉండేవాడు. ఒక సెకను తర్వాత ఇచ్చి ఉంటే పిర్లో కాళ్ళ దగ్గరే బంతి పోయేది. రెజిస్టా నైపుణ్యమంటే పాస్ వేయడమని అనుకుంటారు. సగం నైపుణ్యం వేయకుండా ఆగడంలో ఉంది.

అతన్ని ఆపడం ఎలా

ప్రత్యర్థులూ చూస్తూ కూర్చోలేదు. 2010 చాంపియన్స్ లీగ్‌లో మాంచెస్టర్ యునైటెడ్ కోచ్ ఫెర్గూసన్ కొరియా మిడ్‌ఫీల్డర్ పార్క్ జీ-సుంగ్‌కు ఒకే పని అప్పగించాడు: పిర్లోను వదలకు. యునైటెడ్ మిలాన్‌లో 3-2తో, సొంతగడ్డమీద మార్చి 10న 4-0తో గెలిచింది. పార్క్ బంతి లాక్కోవడానికి ఎగబడలేదు, అలా ఎగబడి ఉంటే పిర్లో భుజం వాల్చి పోనిచ్చేసేవాడు. మిలాన్ డిఫెండర్‌కూ పిర్లోకూ మధ్యనున్న దారిలో నీడలా నిలబడి, అసలు బంతి అందకుండా చేశాడు. తలలో ఎంత చూపున్నా, బంతే రాకపోతే ఏం చేస్తాడు?

ఈ విరుగుడుకు ఖర్చుంది. ఒక మనిషిని పూర్తిగా ఈ పనికే కేటాయించాలి, అతనికి తొంభై నిమిషాలూ పరుగెత్తే ఊపిరి, చెప్పిన చోటు దాటని క్రమశిక్షణ ఉండాలి. అలాంటివాడు ప్రతి జట్టులో ఉండడు. అయినా దారి తెలిసిపోయింది. అప్పటి మిలాన్‌కు బంతి పైకి తీసుకెళ్ళడానికి పిర్లో కాక రెండో దారి లేకపోవడమే అసలు జబ్బు.

2010-11లో కోచ్ మాసిమిలియానో అల్లెగ్రీ డిఫెన్స్ ముందు వాన్ బొమ్మెల్ లేదా అంబ్రోజీని లాంటి కట్టడి చేసేవాళ్ళనే పెట్టాడు. గాయాలూ కలిసి పిర్లో లీగ్‌లో 17 మ్యాచ్‌లే ఆడాడు. మిలాన్ టైటిల్ గెలిచింది కాబట్టి కోచ్ నిర్ణయాన్ని తప్పుపట్టేవాళ్ళూ లేకపోయారు. ముప్ఫై దాటినవాళ్ళకు ఏడాది ఒప్పందమే అన్న క్లబ్ లెక్క ప్రకారం ఒక్క ఏడాదికే మాటిచ్చారు. అతను కుదరదన్నాడు. 2011 వేసవిలో యువెంటస్ పైసా బదిలీ రుసుము లేకుండా మూడేళ్ళకు తీసుకెళ్ళింది.

తర్వాతి సీజన్‌లో యువెంటస్ 38 లీగ్ మ్యాచ్‌ల్లో ఒక్కటీ ఓడలేదు: 23 గెలుపులు, 15 డ్రాలు. పిర్లో 37 ఆడి 13 గోల్స్‌కు చివరి పాస్ అందించాడు. వరుసగా నాలుగు లీగ్ టైటిళ్ళు వచ్చాయి. అయితే దీన్ని అల్లెగ్రీ తప్పు, యువెంటస్ కోచ్ కోంటే ఒప్పు అని తేల్చేయడం తొందరపాటు. ఆంటోనియో కోంటే చేసింది ఆంచెలోట్టి కట్టడాన్ని కొత్త ఇటుకలతో మళ్ళీ కట్టడమే. గట్టూసో చోటికి ఆర్టూరో విదాల్ వచ్చాడు, అటుపక్క మార్కీజియో, 2012 నుంచి వీళ్ళకు తోడు పోగ్బా. ఇంతవరకూ పాత సూత్రమే.

కొత్తది వెనక ఉంది. ముగ్గురు సెంటర్ డిఫెండర్ల 3-5-2లో నడిమి డిఫెండర్ బొనూచ్చి కూడా పొడవాటి పాస్‌లు వేయగలవాడు. ఇప్పుడు పార్క్ లాంటివాడు ఎవరైనా పిర్లోకు అతుక్కుంటే, పిర్లో ఊరికే పది మీటర్లు పక్కకు నడిచేవాడు. కాపలాదారు వెంట వెళ్తాడు, మధ్యలో తలుపు తెరుచుకుంటుంది, బొనూచ్చి బంతితో ముందుకొచ్చి తనే ఆట నడిపిస్తాడు. కాపలాదారు వెళ్ళకపోతే బంతి పిర్లోకే. 2010లో మిలాన్‌కు లేని రెండో దారి ఇదే. ఈ ఏర్పాటుకూ హద్దుంది. 2013 క్వార్టర్‌ఫైనల్‌లో బయర్న్ మ్యూనిక్ ఒక్కరితో సరిపెట్టకుండా ముందు వరుస మొత్తంతో పైనుంచే ఒత్తిడి పెట్టింది, పిర్లోకూ బొనూచ్చికీ ఊపిరాడలేదు, రెండు మ్యాచ్‌లూ 2-0తో బయర్న్‌వే.

చచ్చిన బంతి

ఇటలీ లీగ్‌లో నేరుగా ఫ్రీకిక్ మీద పిర్లో కొట్టిన గోల్స్ 26, అతనికంటే ముందున్నది 28 కొట్టిన సినీషా మిహాయ్లోవిచ్. పిర్లోకు గురువు లేడు, ఉన్నదల్లా ఒక ఏకలవ్య శిష్యరికం: లియోన్‌లో ఆడిన బ్రెజిల్ ఆటగాడు జునీన్యో కొట్టే కిక్‌లను దూరంనుంచి చూస్తూ, ఆ కిక్ తనకూ పట్టుబడేదాకా సాధన చేశాడు. కిటుకు బంతిని ఎక్కడ తన్నాలన్నదానిలో కాక, పాదంలో ఏ భాగంతో తన్నాలన్నదానిలో ఉందని చివరికి అర్థమైందట. అతను వివరించిన పద్ధతి ఇది: బంతి కిందిభాగాన్ని పాదం మొత్తంతో కాక మొదటి మూడు వేళ్ళతోనే తాకాలి, పాదాన్ని వీలైనంత నిటారుగా ఉంచి, తాకే క్షణంలో ఒక్కసారిగా సడలించాలి.

ఉద్దేశం బంతిని గిరగిరా తిప్పకుండా పంపడం. గిరగిరా తిరిగే బంతి వంగుతుంది, కానీ ఒక పద్ధతిగా వంగుతుంది, గోల్‌కీపర్ ఆ వంపును ముందే చదవగలడు. దాదాపు తిరగని బంతి మీద అతుకులు గాలిని ఒక పక్క ఒకలా, ఇంకో పక్క ఇంకోలా చెదరగొడతాయి. బంతి కొంచెం కొంచెంగా తిరిగేకొద్దీ ఆ తేడా పక్కలు మారుతుంది. అందుకే అది గాల్లో తడబడి, వేగం తగ్గేచోట చటుక్కున కిందికి దిగుతుంది. రక్షణ గోడ 9.15 మీటర్ల దూరంలో, క్రాస్‌బార్ 2.44 మీటర్ల ఎత్తులో ఉంటాయి. గోడ తలల మీదుగా లేచి, బార్ కిందికి దిగాల్సిన బంతికి ఈ చివరి దిగుడే ప్రాణం.

తప్పెక్కడ జరుగుతుందంటే: తన్ను మధ్యగీతకు ఒక పక్కన పడితే బంతి తిరగడం మొదలెడుతుంది, మామూలు వంపు కిక్ అయిపోతుంది. మరీ అడుగున పడితే వెనక్కి తిరుగుతూ పైకి లేచి బార్ మీదుగా గ్యాలరీలోకి పోతుంది. నెమ్మదిగా కొడితే తడబాటు ఉండదు, కీపర్ చేతుల్లో వాలుతుంది. దగ్గరనుంచి, అంటే ఇరవై మీటర్ల లోపు, బంతికి దిగడానికి దూరమే చాలదు. అందుకే అక్కడ సాధారణంగా పాత పద్ధతి వంపు కిక్కే నయం. పిర్లోకు రెండూ వచ్చు, కీపర్‌కు అదే ఇబ్బంది.

పెనాల్టీ సంగతికొస్తే 2012 జూన్ 24, కీవ్. యూరో క్వార్టర్‌ఫైనల్‌లో ఇంగ్లండ్‌తో 120 నిమిషాలు 0-0. షూటౌట్‌లో మొంటొలీవో పోగొట్టాడు, ఇటలీ 1-2తో వెనక. గోల్‌కీపర్ జో హార్ట్ గోల్‌లైన్ మీద గెంతుతూ, మొహం వికారంగా పెడుతూ కొట్టేవాణ్ణి బెదిరిస్తున్నాడు. పిర్లో పరుగెత్తుకొచ్చి, బంతిని మెల్లగా గోల్ నడిమధ్యకు లేపాడు. హార్ట్ అప్పటికే కుడిపక్కకు దూకేశాడు. దీన్ని పొగరనుకునేవాళ్ళున్నారు, కానీ లెక్క చూడండి. గంటకు వంద కిలోమీటర్ల వేగంతో కొట్టిన పెనాల్టీ పదకొండు మీటర్లను 0.4 సెకన్లలో దాటుతుంది. అంత తక్కువ టైమ్‌లో చూసి దూకలేడు కాబట్టి కీపర్ ముందే ఒక పక్క ఎంచుకోవాలి. మెల్లగా లేపిన బంతికి దానికి రెండింతలకు పైగానే పడుతుంది, కీపర్ కదలకపోతే ఒంటిచేత్తో పట్టుకుంటాడు. కాబట్టి ఈ కిక్ పనికొచ్చేది ఆత్రంగా ఉన్న కీపర్ మీదే. గోల్‌లైన్ మీద నాట్యమాడుతున్న హార్ట్ కంటే ఆత్రంగా ఎవరుంటారు? తర్వాతి కిక్‌ను యాష్లీ యంగ్ బార్‌కు కొట్టాడు, యాష్లీ కోల్ కిక్‌ను బుఫాన్ ఆపాడు, ఇటలీ 4-2తో గెలిచింది. ఫైనల్లో స్పెయిన్ 4-0తో చితక్కొట్టిందనుకోండి, అది వేరే కథ.

న్యూయార్క్, ఆ తర్వాత

2015 జూన్ 6న బెర్లిన్‌లో బార్సిలోనా చేతిలో 3-1తో ఓడిన చాంపియన్స్ లీగ్ ఫైనల్ యువెంటస్ తరఫున అతని ఆఖరి మ్యాచ్. జాతీయ జట్టు లెక్క 116 మ్యాచ్‌లు, 13 గోల్స్. ఆ వేసవిలోనే న్యూయార్క్ సిటీకి వెళ్ళాడు. అక్కడ అతని మాయ పనిచేయలేదు, కారణం వయసొక్కటే కాదు. బేస్‌బాల్ ఆడే యాంకీ స్టేడియంలో గీసిన ఫుట్‌బాల్ మైదానం 110 గజాల పొడవు, 70 గజాల వెడల్పు, అంటే దాదాపు 100 మీటర్లు, 64 మీటర్లు. యూరప్‌లో అలవాటైన 105, 68 మీటర్లతో పోల్చి చూడండి. వెడల్పు తగ్గితే ప్రత్యర్థులు దగ్గరగా ఉంటారు, పొడవు తగ్గితే పొడవాటి పాస్‌కు చోటుండదు. అమెరికా లీగ్‌లో ఆట మధ్యలో స్థిరపడేది తక్కువ, అటూఇటూ పరుగులే ఎక్కువ. విదాల్ లాంటి మనిషి పక్కన లేని ముప్ఫై ఆరేళ్ళ రెజిస్టా ఆ పరుగుల మధ్య నడిరోడ్డు మీద నిలబడినట్టు అయిపోయాడు. 2017 నవంబర్ 5న కొలంబస్ మీద ఆఖరి నిమిషాల్లో సబ్‌స్టిట్యూట్‌గా దిగి ఆట ముగించాడు. దింపిన కోచ్ పాట్రిక్ వియెరా, 2006 ఫైనల్లో ఫ్రాన్స్ మిడ్‌ఫీల్డ్‌లో ఎదురుగా నిలిచినవాడు.

2020 ఆగస్టు 8న యువెంటస్ అతన్ని నేరుగా ప్రధాన జట్టు కోచ్‌ను చేసింది. అంతకు తొమ్మిది రోజుల ముందే అండర్-23 జట్టుకు కోచ్‌గా ప్రకటించారు, అక్కడ ఒక్క మ్యాచ్ కూడా నడపలేదు. కోచింగ్ డిప్లొమా చేతికొచ్చింది ఆ తర్వాతే. ఇక్కడో చిత్రముంది. అతను అడుగుపెట్టేనాటికి యువెంటస్ తన రెజిస్టా ప్యానిచ్‌ను బార్సిలోనాకు ఇచ్చి, బదులుగా ఆర్థర్‌ను తెచ్చుకుంది. ఆర్థర్ బంతి నిలుపుకుంటాడు గానీ లోతునుంచి పొడవుగా వేసేవాడు కాదు. రాబియో, మెకెన్నీ పరుగెత్తేవాళ్ళు. గట్టూసో లాంటివాళ్ళు దొరికారు, పిర్లో లాంటివాడే లేడు. చాలా మ్యాచ్‌ల్లో ఆ చోటు బెంటాంకూర్‌కు అప్పగించాల్సి వచ్చింది. 2021 ఫిబ్రవరి 17న పోర్టోలో చాంపియన్స్ లీగ్ మ్యాచ్ మొదలై ఒకటిన్నర నిమిషం కూడా కాకముందే, బెంటాంకూర్ తన గోల్‌కీపర్‌కు వెనక్కి వేసిన బలంలేని పాస్‌ను పోర్టో స్ట్రైకర్ తరేమీ అందుకుని గోల్ చేశాడు. రెండు మ్యాచ్‌ల మొత్తం 4-4, ప్రత్యర్థి గడ్డపై కొట్టిన గోల్స్ లెక్కలో యువెంటస్ ఇంటిదారి పట్టింది.

ఆ సీజన్‌లో ఇటలీ కప్, సూపర్ కప్ గెలిచినా లీగ్‌లో నాలుగో స్థానమే దక్కింది. మే 28న పిర్లోను తప్పించారు. అతని కుర్చీలోకి వచ్చింది అల్లెగ్రీ.